షిఫ్ట్ నొక్కితే కదిలే కెర్నల్

నా దగ్గర 2008 నాటి లాప్‌టాప్ ఒకటి ఉంది. రెండు కోర్ల ప్రాసెసర్, 2 జీబీ మెమరీ, ఛార్జర్ పీకితే ఇరవై నిమిషాలు కూడా నిలవని బ్యాటరీ. ఇంకా ఎందుకు ఉంచుకున్నావని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: కీబోర్డు. లోతుగా దిగి, టక్కుమని పైకి లేచే అలాంటి మీటలు ఇప్పటి పలచని లాప్‌టాప్‌లలో నాకు దొరకలేదు.

పోయిన నెల దాని హార్డ్ డిస్కు మూలగడం మొదలుపెట్టింది. అవసరమైన ఫైళ్లన్నీ బయటికి తీసుకుని, ఒక ఎస్‌ఎస్‌డీని వేరే కంప్యూటర్‌కు తగిలించి దాని మీద డెబియన్ అనే లినక్స్ ఎక్కించి, తెచ్చి ఇందులో బిగించాను. కంప్యూటర్ ఆన్ కాగానే ఏ సిస్టమ్ నడపాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది. రామ్‌డిస్క్ లోడ్ చేస్తున్నానన్న వరుస వచ్చింది. తర్వాత నల్లటి తెర. పది నిమిషాలు చూశాను. హార్డ్ డిస్కు ఉంటే కనీసం చప్పుడైనా చేసేది, ఎస్‌ఎస్‌డీకి ఆ మర్యాద కూడా లేదు.

ఇలాంటప్పుడు ముందు చేయవలసింది కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాము, నోటికి కట్టిన గుడ్డ విప్పడం. గ్రబ్‌లో ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుసలో క్వైట్, స్ప్లాష్ అన్న రెండు మాటలు తీసేసి, ఇగ్నోర్ లాగ్‌లెవెల్, ఇనిట్‌కాల్ డీబగ్ చేర్చి, కంట్రోల్ ఎక్స్‌తో బూట్ చేశాను. రెండోదానితో కెర్నల్ ప్రతి మొదలుపెట్టే ఫంక్షన్ పేరూ చెబుతుంది: పిలుస్తున్నాను, తిరిగి వచ్చింది, ఇన్ని మైక్రోసెకన్లు పట్టింది. పిలిచాక తిరిగి రానిది ఎక్కడుందో అదే దొంగ. ఆ సందేశాలు డీబగ్ స్థాయివి కనుక మొదటిది లేకపోతే తెర మీదికే రావు. ఈ సంగతి మరిచిపోయి నేను ఒక పూట పోగొట్టుకున్నాను.

మొదటిసారి యూఎస్‌బీ దగ్గర ఆగింది. మౌస్ పీకేసి మళ్లీ చూస్తే డిస్కు కంట్రోలర్ దగ్గర. మూడోసారి ఆ రెండూ దాటి ఇంకెక్కడో. ఒకే డ్రైవర్ తప్పు చేస్తుంటే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి. ఆగే చోటు మారుతోందంటే నా అనుమానం ముందు మెమరీ మీదికే పోయింది. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాను. తెల్లారి చూస్తే తప్పులు సున్నా. తెర పద్ధతిని కెర్నల్ మార్చకుండా ఆపే నోమోడ్‌సెట్ పెట్టి చూశాను, తేడా లేదు. ఏసీపీఐ ఆఫ్ (కరెంటు, బ్యాటరీ, నిద్ర లాంటివి చూసుకునే ఏర్పాటును ఆపేయడం) పెడితే మాత్రం ఆగకుండా బూట్ అయింది! కానీ రెండు కోర్లలో ఒకటి మాయం, బ్యాటరీ ఉన్నట్టే తెలియదు, షట్‌డౌన్ చేస్తే పవర్ ఆగదు. చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు. కాలికి ముల్లు గుచ్చుకుంటే కాలు తీసేయడం నాకు నచ్చదు. కెర్నల్‌లో మార్పులను సగం సగం విడగొట్టి వెతుకుదామా అనీ ఆలోచించాను. పదివేల మార్పులున్నా 14 బూట్లతో తేలిపోతుంది. ఆ పధ్నాలుగు కెర్నల్‌లను కంపైల్ చేసే ఓపిక మాత్రం లేకపోయింది.

చివరికి దొంగ దొరికింది నా తెలివితేటల వల్ల కాదు. ఆగిన తెరను ఫోనుతో ఫొటో తీయబోతూ, మెరుపు పడకుండా లాప్‌టాప్‌ను కొంచెం వంచాను. ఎడమ బొటనవేలు షిఫ్ట్ మీద పడింది. తెర మీద రెండు వరుసలు జరిగాయి.

మళ్లీ నొక్కాను. ఇంకో మూడు వరుసలు. వదిలేస్తే ఆగింది. నొక్కితే నడిచింది. పాత చేతిపంపు కొట్టినట్టు షిఫ్ట్ కొడుతూ కూర్చుంటే లాగిన్ దాకా వచ్చేసింది. నా చేతి గడియారం ప్రకారం ఆ ప్రయాణం ఆరు నిమిషాలు. వరుసల మొదట్లో కెర్నల్ వేసుకున్న సమయం ప్రకారం పదకొండు సెకన్లు. అంటే అది చిక్కుకుపోలేదు, నిద్రపోతోంది. నిద్రపోయిన సంగతి కూడా దానికి తెలియదు.

పని లేనప్పుడు ప్రాసెసర్ పడుకుంటుంది. ఏసీపీఐ భాషలో సీ1 కునుకు, సీ3 గాఢనిద్ర. 2007లో వచ్చిన 2.6.21 నుంచి కెర్నల్, పని లేని వేళ సెకనుకు వందలసార్లు తట్టిలేపే పాత పద్ధతి మాని, అవసరమైన క్షణానికి అలారం పెట్టుకుని పడుకోవడం నేర్చింది. ఆ అలారం ప్రతి కోరులోనూ ఉండే లోకల్ ఏపిక్ టైమర్. ఆ కాలపు ప్రాసెసర్లు చాలావాటిలో గాఢనిద్ర పట్టగానే ఈ టైమర్ కూడా ఆగిపోతుంది. అలారం గడియారాన్ని కూడా దుప్పటి కప్పి పడుకోబెట్టినట్టే. కెర్నల్‌కు ఈ సంగతి తెలుసు. అలాంటి సమయంలో బయటి టైమర్‌కు పని అప్పగిస్తుంది కూడా. కాకపోతే ఏ నిద్ర ఎంత లోతో చెప్పేది బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) ఇచ్చే పట్టికలు, అవి నిజం చెప్పాలని ఎక్కడా లేదు. ఇక షిఫ్ట్ సంగతి: మీట నొక్కగానే కీబోర్డు నుంచి ఇంటరప్ట్, అంటే చేస్తున్నది ఆపి ఇటు చూడమనే పిలుపు, వెళ్తుంది, ప్రాసెసర్ ఉలిక్కిపడి లేస్తుంది, పేరుకుపోయిన పని కొంత చేసి మళ్లీ పడుకుంటుంది. కొత్త ప్రాసెసర్ల ఫ్లాగులలో (వాటికి ఏమేం చేతనవునో చెప్పే జాబితాలో) అరాట్ అన్నది కనిపిస్తే ఆ టైమర్ నిద్రలోనూ ఆగదని అర్థం. నా దానిలో అది లేదు.

సందేహం తీర్చుకోవడానికి ఐడిల్ పోల్ పెట్టాను, అంటే అసలు పడుకోనివ్వకపోవడం. వేలు పెట్టకుండానే బూట్ అయింది, ఫ్యాను మాత్రం విమానంలా మోగింది. తర్వాత నిద్ర లోతును సీ1 దగ్గర ఆపి చూశాను. అదీ పనిచేసింది కానీ అరచేతి కింద వేడి. చివరగా నోలాపిక్ టైమర్, మధ్యలో అండర్‌స్కోర్‌తో. లోకల్ టైమర్ జోలికి పోకుండా మొదటి నుంచీ బయటి టైమర్‌నే వాడమనడం అది. రెండు కోర్లూ ఉన్నాయి, బ్యాటరీ కనిపిస్తోంది, షట్‌డౌన్ అంటే ఆగిపోతోంది.

దీన్ని శాశ్వతం చేద్దామని గ్రబ్ సెట్టింగుల ఫైలు తెరిచాను. పాత డిస్కు నుంచి తీసి ఉంచుకున్న ఫైలులో ఇంకేమైనా పనికొచ్చేవి ఉన్నాయేమోనని అదీ పక్కన పెట్టుకున్నాను. అందులో, క్వైట్ పక్కనే, నోలాపిక్ టైమర్. మధ్యలో అండర్‌స్కోర్‌తో సహా. ఎప్పుడో నేనే పెట్టాను. ఎందుకు పెట్టానో ఒక్క ముక్క రాయలేదు.

కొత్త ఫైలులో ఆ వరుస పైన హాష్ గుర్తు పెట్టి ఇలా రాశాను: "దీన్ని తీసేస్తే లాగిన్ వచ్చేదాకా షిఫ్ట్ కొడుతూ కూర్చోవాలి. ఒకసారి కూర్చున్నావు."