ఫ్లైట్ ఇంజనీర్ కోర్సు కోసం వెతికేవాళ్లకి

ఇంటర్ ఎంపీసీ అయిన పిల్లలున్న ఇళ్లలో, రాజమండ్రి అయినా భీమవరం అయినా, ఈమధ్య తరచూ వినపడే ప్రశ్న: "ఫ్లైట్ ఇంజనీర్ కోర్సు ఎక్కడ చెబుతారండీ?" మధురపూడి విమానాశ్రయంలో దిగే ఏటీఆర్ విమానంలో గానీ, ఎయిర్‌బస్ 320లో గానీ ఆ ఉద్యోగమే లేదు. ముందు కూర్చునేది ఇద్దరే, ఇద్దరూ పైలట్లే. విమానం నేల మీద ఉండగా బాగుచేసి, ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టేది ఏఎంఈ, అంటే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లకి ఫీజు కట్టేముందు తేడా తెలుసుకోండి.

ఫ్లైట్ ఇంజనీర్ అంటే పైలట్లతో పాటు ఎగురుతూ ఇంజన్లు, ఇంధనం, కరెంటు చూసుకునే మూడోమనిషి. ఉండేది పాత రకాల్లో: బోయింగ్ 707, 727, మొదటి తరం 747లు, డీసీ-10, మొదట్లో వచ్చిన ఎయిర్‌బస్ ఏ300లు, కాంకార్డ్. కో-పైలట్ వెనక కుడి గోడంతా మీటర్లు, స్విచ్చులు. దాని ముందు పక్కకి తిరిగే కుర్చీ. టేకాఫ్‌లో ముందుకు తిరిగి ఇంజన్ల పవర్ సరిచూడటం, పైకి వెళ్లాక గోడవైపు తిరగడం.

ఆ మనిషి ఎందుకు కావలసి వచ్చాడో పిస్టన్ ఇంజన్లు చూస్తే తెలుస్తుంది. ఎయిర్ ఇండియా 1948 జూన్‌లో బొంబాయి నుంచి లండన్‌కి మొదలుపెట్టిన కాన్‌స్టలేషన్‌కి ఇంజన్లు 4, ఒక్కోదానికి సిలిండర్లు 18. మొత్తం 72 సిలిండర్లు, సిలిండర్‌కి రెండేసి చొప్పున 144 స్పార్క్ ప్లగ్గులు. పెట్రోలు మిశ్రమం పలచన చేస్తే ఖర్చు తగ్గుతుంది. పైకి మంచి పవర్‌లో ఉండగా ఆ పలచన మోతాదు తప్పితే సిలిండర్ తల వేడెక్కి లోపల నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది, ఇక ఇంజన్ దెబ్బతినడమే. ఇంత కనిపెట్టుకుంటూ విమానం నడపడం పైలట్ వల్ల అయ్యే పని కాదు. అమెరికాలో 1948 నుంచే 80,000 పౌండ్లు, అంటే దాదాపు 36 టన్నులు దాటిన విమానానికి ఫ్లైట్ ఇంజనీర్ తప్పనిసరి అన్నారు. బరువు లెక్కన పెట్టిన ఆ రూలు 1965లో పోయింది.

జెట్‌లు వచ్చాక అసలు పని ఇంధనం దగ్గర చేరింది. ధవళేశ్వరంలో తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల తలుపులు ఎప్పుడు ఎంత ఎత్తాలో చూసే పని తెలిసినవాళ్లకి ఫ్యూయల్ ప్యానెల్ సగం అర్థమైనట్టే. 747-200లో రెక్కల్లో 4 మెయిన్ ట్యాంకులు, 2 రిజర్వు ట్యాంకులు, మధ్యలో సెంటర్ ట్యాంకు. అన్నీ నింపితే రెండు లక్షల లీటర్లకు దగ్గర. టేకాఫ్‌కి ఏ మెయిన్ ట్యాంకు ఇంధనం ఆ ఇంజన్‌కే. పైకి వెళ్లాక, ఒక ట్యాంకు నుంచి వేరే ఇంజన్లకీ ఇంధనం పంపే క్రాస్‌ఫీడ్ వాల్వులు తెరిచి ముందు సెంటర్ ట్యాంకు ఖాళీ చేస్తారు. తర్వాత లోపలివైపు పెద్దవైన 2, 3 నంబర్ల నుంచి నాలుగు ఇంజన్లకీ. అవి 1, 4తో సమానమయ్యాక మళ్లీ ఎవరి ట్యాంకు వాళ్లకే. రెక్క చివరి ఇంధనాన్ని ఆఖర్న వాడటానికి కారణం ఉంది: గాలి రెక్కను పైకి వంచుతుంటే ఆ బరువు కిందికి పట్టి ఉంచుతుంది, రెక్క మొదట్లో ఒత్తిడి తగ్గుతుంది. వాల్వు మూయడం మరిస్తే ఒక రెక్క బరువెక్కుతుంది, రెండోది తేలిపోతుంది.

మీటరు ఒక్కదాన్నే నమ్మరు. బయల్దేరినప్పుడు ఉన్నదాంట్లోంచి, ఇంజన్లు తాగాయని ఫ్లో మీటర్లు చెప్పినది తీసేసి, ట్యాంకు మీటర్లు చూపేదాంతో లాగ్‌లో పోల్చి రాసుకుంటారు. తేడా పెరుగుతూ పోతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా మీటరు తప్పు.

కరెంటు సంగతికొస్తే, ఇంజన్ వేగం మారినా జనరేటర్ కరెంటు సెకనుకి 400 సైకిళ్ల దగ్గరే ఉండాలి. ఆ పని చేసేది సీఎస్‌డీ, అంటే జనరేటర్‌ని ఎప్పుడూ ఒకే వేగంతో తిప్పే కాన్‌స్టంట్ స్పీడ్ డ్రైవ్. జనరేటర్‌ను మిగతావాటితో కలిపేముందు సింక్రొనైజింగ్ దీపాలు ఆరిన క్షణం చూసి బ్రేకర్ వేయాలి. సీఎస్‌డీ ఆయిల్ వేడెక్కితే దాన్ని విడగొట్టడమే దారి. ఒకసారి విడగొడితే మళ్లీ కలిపేది నేల మీదే, అందుకే స్విచ్‌కి కాపలా మూత ఉంటుంది. క్యాబిన్ గాలి ఒత్తిడి కూడా అతని చేతిలోనే: విమానం ఎంత ఎత్తున్నా లోపలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తున ఉండేదానికంటే తగ్గకూడదు, దిగేటప్పుడు ఆ లోపలి ఎత్తు లెక్కను నిమిషానికి 300 అడుగుల చొప్పున కిందికి తేవాలి. తొందరపడితే వెనక పసిపిల్లలు చెవులు పట్టుకుని ఏడుస్తారు.

ఇక ఫ్లైట్ ఇంజనీర్ లైసెన్సుకి అర్హతల మాట. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వయసు 18 నిండాలి, క్లాస్ 2 అనే వైద్య పరీక్ష పాసై ఉండాలి, పనిలో ఉన్న ఫ్లైట్ ఇంజనీర్ పర్యవేక్షణలో 100 గంటలు ఎగరాలి. అందులో సిమ్యులేటర్ గంటలు 50కి మించి లెక్కలోకి రావు. అమెరికాలో వయసు 21. విమానాలు, ఇంజన్ల మరమ్మతులో మూడేళ్లు పనిచేసినవాళ్లకీ, ఇంజనీరింగ్ డిగ్రీతో పాటు ఆర్నెల్ల పని అనుభవం ఉన్నవాళ్లకీ వేర్వేరు దారులు పెట్టారు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా ఈ లైసెన్సు ఇచ్చేది.

1981లో అమెరికా అధ్యక్షుడు వేసిన కమిటీ ఫ్లైట్ ఇంజనీర్ లేకున్నా ఇద్దరు పైలట్లు చాలని తేల్చింది. కంప్యూటర్లు మీటర్లు చూసుకుంటాయి సరే, కానీ పని పోయినప్పుడు బాధ్యత ఎవరికి వెళ్లిందో చెప్పాలి కదా. 1983 జూలై 23న కెనడాలో కొత్త 767 గాల్లో ఉండగా ఇంధనం అయిపోయి, గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో గ్లైడర్‌లా దిగింది. ఇంధనం మీటర్లు పనిచేయక కర్రతో కొలిస్తే 7,682 లీటర్లు. దాన్ని కిలోల్లోకి మార్చడానికి 0.8తో గుణించాలి, పౌండ్ల అంకె 1.77తో గుణించారు. కావలసినది 22,300 కిలోలు, ఎక్కించి బయల్దేరినది దాదాపు సగం. పాత విమానాల్లో ఆ లెక్క ఫ్లైట్ ఇంజనీర్‌ది. కొత్తదాంట్లో ఎవరిదో స్పష్టంగా అప్పగించలేదని విచారణలో తేలింది.

మన దేశంలో ఈ కుర్చీ ఇంకా ఉన్నది వాయుసేనలో, ఏఎన్-32, ఐఎల్-76 లాంటి వాటిలో. దానికి బయట కోర్సు ఏమీ లేదు, సర్వీసులో చేరాకే. మిగతావాళ్లకి దారి ఏఎంఈ: ఇన్‌స్టిట్యూట్‌కి డీజీసీఏ వారి కార్-147 అనే శిక్షణ సంస్థల రూలు కింద ఆమోదం ఉందా, ఏ కేటగిరీకి ఉంది అని చూసుకోండి. బీ1.1 అయితే టర్బైన్ ఇంజన్లు, బాడీ. బీ2 అయితే ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు. వాళ్లిచ్చే సర్టిఫికెట్ లైసెన్సు కాదు. లైసెన్సు పరీక్షలు డీజీసీఏ పెడుతుంది, ఆపైన ఏటీఆర్‌కో 320కో టైప్ రేటింగ్, అంటే ఆ ఒక్క రకం విమానానికి విడిగా ఇచ్చే అర్హత, ఉంటే గానీ ఆ విమానం మీద సంతకం చెల్లదు. ఆ టైప్ రేటింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చేరే రోజునే కాగితం మీద రాయించుకోండి.