మిషను మీద కాలు ఆడలేదు

2025 ఆషాఢంలో నాకు నాలుగు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. ఓఆర్‌ఎస్ తాగాను, మజ్జిగన్నం తిన్నాను, తగ్గిపోయింది. గోపాలపట్నంలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. శ్రావణమాసం ముందు ఒంట్లో బాగోలేదని కూర్చుంటే కుదరదు.

పది రోజులకి మిషను తొక్కుతుంటే అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. మర్నాడు పెరట్లోకి వెళ్తుంటే, "నీ చెప్పు ఇక్కడే ఉండిపోయిందే!" అంది అత్తయ్య. కాలి నుంచి చెప్పు జారిపోయిన సంగతే నాకు తెలియలేదు. వీధి చివరి క్లినిక్‌లో నీరసమని సెలైన్ పెట్టి పంపేశారు. ఆ రోజు వృథాగా పోయిందన్న బాధ నాకింకా ఉంది. తెల్లారేసరికి మెట్టెక్కలేక చతికిలబడ్డాను.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టింది. కాలు కదల్లేదు. "ఈమధ్య విరేచనాలు గానీ, జలుబు, దగ్గు గానీ వచ్చాయా అమ్మా?" అని అడిగింది. కాళ్ళకి, కడుపుకి సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు.

జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్. సరిగ్గా ఉడకని కోడిమాంసంలోనో, కలుషితమైన నీళ్ళలోనో క్యాంపైలోబ్యాక్టర్ అనే క్రిమి ఉంటుందట. దాని పైపొరలోని చక్కెర పదార్థం మన నరాల మీద ఉండేదాన్ని పోలి ఉంటుంది. క్రిమిని చంపడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఆ పోలికకి మోసపోయి నరాల మీదే పడతాయి. నాకొచ్చింది ఆ క్రిమేనని పరీక్షలో తేలలేదు, కానీ విరేచనాలకీ దీనికీ మధ్య గడిచిన రోజులు సరిగ్గా సరిపోయాయంది డాక్టరమ్మ. క్రిమి పోయాక కూడా యుద్ధం ఆగదన్నమాట. ఆ మాట విని రాత్రంతా నిద్రపోలేదు.

ఇమ్యునోగ్లోబులిన్ అని, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఐదు రోజులు ఎక్కించారు. ఊపిరి బలం తగ్గుతోందేమో చూడటానికి పూటపూటా నర్సు వచ్చి ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి అంకెలు చెప్పించేది. మొదటిరోజు 24 దాకా వెళ్ళాను. మూడోరోజు 16 దగ్గరే ఆగిపోయాను. మా ఆయన ముఖం నల్లబడిపోయింది. వెంటిలేటర్ సిద్ధంగా పెట్టారు. ఐదోరోజు 19 అన్నాను. పెరిగిన ఆ మూడు అంకెలకే ఆయన ఏడ్చేశారు.

ఇంటికొచ్చాక చుట్టుపక్కలవాళ్ళు దగ్గరికి రాలేదు. ఆ ఏడాది మొదట్లో పుణేలో ఈ జబ్బు చాలామందికి వచ్చిందని టీవీలో చూశారు కదా. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని అత్తయ్య ఇంటింటికీ వెళ్ళి చెప్పింది.

ఫిజియోథెరపీ నెలల తరబడి సాగింది. సంక్రాంతి ముందు మిషను దగ్గర కూర్చున్నాను. ఎడమకాలు ఆడింది, దాని వెనకే కుడికాలు. మొదట అత్తయ్య జాకెట్టే కుట్టాను. వేళ్ళకి సూది మీద ఇంకా పట్టు దొరకలేదు, హుక్కులు ఆవిడే కుట్టుకుంది.