అమ్మమ్మ గొంతులో పోయిన పదకొండు నిమిషాలు

అమ్మమ్మ పోయి మూడు నెలలైంది. ఆవిడ గొంతు ఉన్న ఒకే ఒక్క క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నిన్న రాత్రికి పూర్తయింది. ఆ గొంతు ఇంకా చెవుల్లో ఉండగానే రాసేస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే కోపం చల్లారుతుంది. ఈ విషయంలో నా కోపం చల్లారడం నాకిష్టం లేదు.

ఫొటోలు తేలిగ్గానే అయిపోయాయి. స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టి రెండు ఆదివారాల్లో ఆల్బమ్ మొత్తం చేసేశాను. ఫొటో వెనక ఏమైనా రాసి ఉంటే దాన్నీ స్కాన్ చేయండి. అమ్మమ్మ చేతిరాత మాకు ఎక్కువగా మిగిలింది అక్కడే.

ఫోన్ దగ్గర మాత్రం నష్టపోయాం. వారం తిరక్కుండానే మామయ్య ఆవిడ ఫోన్‌లోవన్నీ చెరిపేసి ఎవరికో ఇచ్చేశాడు. అడిగితే "దాంట్లో ఏముందే?" అన్నాడు. ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు. ఆవిడ నాకు పంపిన వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్‌లో ఏడు ఉన్నాయి, వాటిని వేరేగా దాచుకున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ ఉంటే, దయచేసి ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ఇక క్యాసెట్. నాకు ఐదేళ్ళప్పుడు, అమ్మమ్మ నన్ను నిద్రపుచ్చుతూ కథ చెబుతుంటే అమ్మ పక్కనే టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసిందట. 60 నిమిషాల క్యాసెట్, అంటే ఒక్కో వైపు 30 నిమిషాలు. ఒక వైపే కథ ఉంది, రెండో వైపు ఖాళీ. నాకు ఈ పనులు రావనుకుని, ఇలాంటివి చేసిపెట్టే షాపులో ఇచ్చాను. అదే నేను చేసిన తప్పు.

రెండు రోజుల తర్వాత ఫైల్ ఇచ్చారు. వినగానే ఏడుపొచ్చింది, అంతా బాగానే ఉందనుకున్నాను. ఇంటికొచ్చి అమ్మకి వినిపించాను. కళ్ళు మూసుకుని కాసేపు వింది. "గొంతు అమ్మదే. కానీ అమ్మ ఇంత తొందరగా మాట్లాడదే" అంది. అప్పుడు చూశాను. ఫైల్ 19 నిమిషాలే ఉంది.

మర్నాడు షాపుకి వెళ్ళి అడిగాను. నలుగురు కస్టమర్లు ఉన్నారు. షాపాయన ఫైల్‌ని స్పీకర్లో గట్టిగా పెట్టి, "చూడండి, ఎంత క్లీన్‌గా ఉందో! మధ్యమధ్యలో ఖాళీలుంటే తీసేశాం, గర్రుమనే శబ్దం తీసేశాం. పాపం పెద్దావిడ, ఒక్కో మాటకీ అంతంతసేపు ఆగుతోంది" అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. అమ్మమ్మ గొంతు షాపంతా మోగుతుంటే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు నవ్వుతుంటే, నాకు నోట మాట రాలేదు. ఆ ఖాళీలు ఖాళీలు కావని ఎలా చెప్పను? మా అమ్మమ్మ ఒక వాక్యం చెప్పి ఆగేది. నేను "ఊఁ" అంటేనే తర్వాతి వాక్యం. నా "ఊఁ"లు చిన్నగా ఉన్నాయని మెషీన్ వాటినీ ఖాళీల కిందే లెక్కేసి కోసేసింది. "ఆపండి" అని మాత్రం అని, క్యాసెట్ తీసుకుని బయటికొచ్చేశాను. ఆ రోజు నాలుగు మాటలు అడగాల్సింది. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

శబ్దం తీసేయడం అంటే ఏం చేస్తారో తర్వాత నేర్చుకున్నాను. మాటల్లేని చోట టేపు చేసే బుస్సుమనే చప్పుడుని సాఫ్ట్‌వేర్‌కి చూపిస్తారు. అది ఆ చప్పుడుని రికార్డింగ్ అంతటా తగ్గించేస్తుంది. కానీ ఊపిరి శబ్దం, "స", "శ" అక్షరాల పదును కూడా ఆ బుస్సు ఉన్న చోటే ఉంటాయి. గట్టిగా తీస్తే అవీ పోతాయి. మా అమ్మమ్మకి ముందు పళ్ళు లేవు, "స" అన్నప్పుడల్లా చిన్న ఈల వినిపించేది. షాపు ఫైల్‌లో ఆ ఈల లేదు. అందుకే ఎవరికైనా ఇచ్చేముందు "ఏమీ బాగుచేయొద్దు, ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి" అని కాగితం మీద రాసివ్వండి. ఎక్కించిన మొదటి ఫైల్‌ని అలాగే ఉంచి, ప్రయోగాలు కాపీ మీద చేసుకోవాలి.

ఇక నేనే కూర్చున్నాను. స్నేహితురాలి దగ్గర్నుంచి పాత డెక్, అంటే క్యాసెట్ ప్లేయర్ తెచ్చి, దాంట్లో టేపుని చదివే తలని (హెడ్‌ని) స్పిరిట్‌తో తుడిచి, ప్లే చేస్తే గొంతు దుప్పట్లోంచి వస్తున్నట్టు ఉంది. చూస్తే క్యాసెట్ లోపల టేపుని తలకి అదిమిపెట్టే చిన్న మెత్త ఊడిపోయింది. షాపులో ఊడిందో, జిగురు ఎండి తనంతట తనే ఊడిందో చెప్పలేను. వేరే ఖాళీ క్యాసెట్ స్క్రూలు విప్పి, అమ్మమ్మ టేపు చుట్టలు రెండూ అందులోకి మార్చాను. చేతులు వణికాయి, ఊపిరి బిగబట్టాను, కానీ మార్చాను. మా ఇంట్లో ఫ్యూజు కూడా వేయనివ్వరు నన్ను. ఈ పని మాత్రం నేనే చేశాను, అది అందరికీ చెబుతున్నాను. క్యాసెట్ పైఅంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయడం మరవకండి, అవి లేకపోతే పొరపాటున కూడా దాని మీద రికార్డు అవ్వదు.

డెక్ నుంచి వచ్చే వైరుని కంప్యూటర్‌కి ఉండే "లైన్ ఇన్" రంధ్రంలో పెట్టాలి, మైక్ పెట్టే రంధ్రంలో పెడితే గొంతు పగిలిపోతుంది. 30 నిమిషాల టేపుకి 30 నిమిషాలు కూర్చోవాల్సిందే, దగ్గరదారి లేదు. కుదించకుండా, వేవ్ ఫైల్‌గానే దాచాను. మూడు కాపీలు చేసి, ఒకటి పిన్ని ఇంట్లో పెట్టాను.

"అనగనగా" అనే ముందు, ఒక క్షణం ముందే, ఎక్కడో దూరంనుంచి అదే మాట లీలగా వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి చుట్టి ఉంచితే టేపులో ఒక పొర మీది అయస్కాంతపు ముద్ర పక్క పొర మీద పడుతుందట, అందువల్ల అని చదివాను. దాన్ని నేను తీయలేదు.

కథ చివరికొచ్చేసరికి నా "ఊఁ"లు దూరందూరంగా వస్తాయి. ఆఖరి వాక్యం తర్వాత అసలు రాదు. అమ్మమ్మ ఆగింది. "నిద్రపోయావా, బంగారం?" అని చాలా చిన్నగా అడిగింది. షాపు ఫైల్‌లో ఈ మాట కూడా లేదు. ఆ తర్వాత టేపు అయిపోయేదాకా మాటల్లేవు. ఆవిడ ఊపిరి, గాజులు, నా మీద దుప్పటి సర్దుతున్న చప్పుడు. నిన్న రాత్రి అమ్మా నేనూ ఆ నాలుగు నిమిషాలూ విన్నాం. టేపు ఆగాక కూడా హెడ్‌ఫోన్లు తీయలేదు.