పాపికొండల బోటు దిగాక లావా రాళ్ల దారి

పాపికొండలు చూడటానికి రాజమండ్రి వచ్చినవాళ్లు ఇంకో రోజు ఉండగలిగితే గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీలు తప్పక చూడాలి. అక్కడి నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. దక్కన్ వైపు నుంచి వందల కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇంత గొప్ప రాయిని మనం కంకరగానే చూస్తున్నాం!

కింది లావాకీ పై లావాకీ మధ్య లేతరంగు సున్నపురాయి పొర ఉంటుంది. క్వారీ గోడ దగ్గరికెళ్లకుండా, దూరంగా పడి ఉన్న ముక్కల్లోనే వెతకండి. వేలితో తడిమితే ఆల్చిప్పల గరుకు అంచులు తగులుతాయి. రెండు లావా ప్రవాహాల మధ్య కాలంలో ఇక్కడికి సముద్రపు నీరు చేరిందన్నమాట.

క్వారీవాళ్ల అనుమతి, బ్లాస్టింగ్ వేళలు ముందురోజే కనుక్కోవాలి. హెల్మెట్, బూట్లు తప్పనిసరి. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే నల్లరాయి సెగ కొడుతుంది. వాన పడిన మర్నాడు మానుకోవడమే మేలు: బ్లాస్టింగ్ అదురుకు బీటలిచ్చిన రాళ్లు నీరు దిగాక ఊడిపడతాయి. నీళ్లు నిలిచిన గోతుల్లో అసలు దిగొద్దు, అంచు దాటితే ఒక్కసారిగా లోతు.

మణుగూరు దగ్గర పగిడేరు వేడినీటి బోర్లను ఇదే రోజులో ఇరికించకండి, అవి చాలా ఎగువన ఉన్నాయి. పైగా ఆ వేడి ఈ లావాది కాదు. లోతుకు ఇంకిన నీరే భూమి వేడికి కాగి పైకొస్తుంది.