13 టీఎంసీల ఊరు

ఫీనిక్స్ నుంచి లాస్ వేగాస్‌కి కారులో వెళ్లేవాళ్లలో చాలామందికి హూవర్ డ్యామ్ అంటే దారిలో కాసేపు ఆగే చోటు, అంతే. బాత్రూమ్, నాలుగు ఫొటోలు, మళ్లీ కారు. మాకలా కుదరలేదు. వెనక సీట్లో మావయ్యగారున్నారు. నాగార్జునసాగర్ కుడి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. నరసరావుపేటలో విమానం టికెట్లు చేతికొచ్చిన రోజు నుంచీ ఆయన అడిగింది ఆ ఒక్కటే. వేగాస్ మా అత్తయ్యగారి కోరిక. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో రెండూ కలిపి పెట్టుకున్నాం.

93వ నంబరు రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వికెన్‌బర్గ్ దాటాక జాషువా చెట్లు మొదలవుతాయి. వాటిని చెట్లనాలో జెముళ్లనాలో తేల్చుకోలేక మావాడు, వాళ్ల తాత ఓ గంట వాదించుకున్నారు. ‘నథింగ్’ అని ఓ ఊరి బోర్డు వస్తుంది. పేరుకు తగ్గట్టే అక్కడేమీ లేదు. కింగ్‌మన్‌లో పెట్రోలు పోయించుకుని, తెచ్చుకున్న పులిహోర తిని బయల్దేరాం.

ఒకప్పుడు ఈ హైవే డ్యామ్ మీదుగానే పోయేది. 2010లో కింది వైపున పెద్ద బ్రిడ్జి కట్టి ట్రాఫిక్‌ని దాని మీదకు మళ్లించారు. కొలరాడో నదికి దాదాపు 900 అడుగుల ఎత్తున వెళ్తుంటాం గానీ, పిట్టగోడల వల్ల కారులోంచి డ్యామ్ కనపడదు. బ్రిడ్జి దాటి నెవాడా వైపు దిగి, సెక్యూరిటీ చెకింగ్ అయ్యాక కొండ దారిలో వెనక్కి రావాలి. వీలుంటే ముందు ఆ బ్రిడ్జి మీద కాలిబాటకు ఎక్కండి. డ్యామ్ మొహం మొత్తం కనపడేది అక్కణ్నుంచే.

మావయ్యగారు రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అడిగిన మొదటి మాట: "గేట్లేవమ్మాయ్?"

నిజమే, గోడ మీద గేట్లు లేవు. సాగర్‌కి 26 గేట్లు, అవి ఎత్తితే జనం బస్సులు కట్టుకుని పోతారు. ఇక్కడ 726 అడుగుల నున్నటి కాంక్రీటు గోడ, వంపు తిరిగి, రెండు కొండల మధ్య బిగుసుకుని ఉంటుంది. వరదొస్తే నీళ్లు దాని మీద నుంచి దూకవు. రెండు పక్కలా కొండలో స్పిల్‌వేలు తవ్వారు. నీళ్లు వాటిలోకి పొర్లి, 50 అడుగుల వ్యాసమున్న సొరంగాల గుండా దిగువకు పోతాయి. కట్టాక వాటిని వాడింది రెండేసార్లు: 1941లో పరీక్షకు, 1983లో నిజమైన వరదకు. ఇది విని ఆయన కొంచెం నిరుత్సాహపడ్డారనే చెప్పాలి. "గేట్లెత్తని డ్యామ్ చూట్టానికి ఇంతమందా!" అన్నారు.

కానీ కిందికి దిగి గోడ మీద నడవడం మొదలుపెట్టాక ఉత్సాహం తిరిగొచ్చింది. పైన మందం 45 అడుగులు. అడుగున 660. ఆ లెక్క వినగానే ఆగిపోయారు. "మరి ఇంత కాంక్రీటు ఆరేదెట్లా?" ఆ ప్రశ్నకు జవాబే నాకు డ్యామ్ మొత్తంలో నచ్చిన సంగతి. కాంక్రీటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఒకే ముద్దగా పోస్తే అది చల్లారడానికే వందేళ్లు దాటేదట, పైగా పగుళ్లు. అందుకని దిమ్మెలు దిమ్మెలుగా పోసి, ప్రతి దిమ్మెలో అంగుళం గొట్టాలు పరిచి, వాటిలో చల్లటి నీళ్లు పారించారు. చల్లారాక గొట్టాల్లోకి సిమెంటు పాలు ఎక్కించి మూసేశారు. అలాంటి గొట్టాలు 582 మైళ్ల పొడవున ఇప్పటికీ లోపలే ఉన్నాయి. కూలీల శవాలు కూడా కాంక్రీటులో ఉన్నాయని ఓ కథ నడుస్తుంది. అది నిజం కాదు. పోత కొద్దికొద్ది మందంలోనే పోసేవాళ్లు, మనిషి మునిగేంత లోతు ఉండేది కాదు.

చావులు మాత్రం నిజం. ప్రభుత్వ లెక్కలో 96. ఇంజన్ల పొగతో సొరంగాల్లో ఊపిరాడక పోయినవాళ్లను న్యుమోనియా ఖాతాలో రాశారని అప్పట్లోనే కార్మికులు ఆరోపించారు. తాళ్లకు వేలాడుతూ కొండ గోడల మీది వదులు రాళ్లను పడగొట్టిన ‘హై స్కేలర్ల’కు అక్కడ ఓ కంచు విగ్రహం పెట్టారు. రాళ్లు తల మీద పడకుండా వాళ్లు గుడ్డ టోపీలను తారులో ముంచి, గట్టిపడ్డాక పెట్టుకునేవాళ్లట. "మన సాగర్‌కి తారు టోపీ కూడా లేదమ్మా, తలగుడ్డే" అన్నారు మావయ్యగారు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ కాంక్రీటు డ్యామ్ కాదు, రాతి కట్టడం. యంత్రాలు, సిమెంటు ఖరీదు. మనుషులు చవక. రాళ్లు తల మీద మోసుకుంటూ సారువల మీద ఎక్కేవాళ్లు. చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజమ్మీద కూర్చుని అది చూశారట ఆయన. ఆ మోసినవాళ్ల లెక్క ఏ బోర్డు మీదైనా ఉందా అని అడిగితే మాట్లాడలేదు.

గోడ మధ్యలో నెవాడా, అరిజోనా సరిహద్దు. చెరో కాలు చెరో రాష్ట్రంలో పెట్టి ఫొటో దిగడానికి అక్కడ క్యూ ఉంటుంది. రెండు వైపులా నీళ్లు లోపలికి తీసుకునే ఇన్‌టేక్ టవర్ల మీద రెండు గడియారాలు, ఒకటి నెవాడా టైము, ఇంకోటి అరిజోనా టైము. వేసవిలో రెండూ ఒకటే చూపిస్తాయి. మేం వెళ్లింది నవంబర్ కనక గంట తేడా. 2023 నవంబర్ చివర్లో సాగర్ మీద ఆంధ్ర, తెలంగాణ పోలీసులు ఎదురెదురుగా నిలబడి, 13వ గేటు దగ్గర ముళ్లకంచె పడిన సంగతి మాలో ఎవరూ ఎత్తలేదు గానీ, గీత మీద నిలబడగానే మావయ్యగారే నవ్వేశారు. "ఇక్కడ గొడవ టైము గురించే అయితే అదృష్టవంతులు" అన్నారు.

గొడవ టైము గురించి కాదు. ఇక్కడా నీళ్ల గురించే. డ్యామ్ వెనక నీళ్లు నిలిచిన మీడ్ సరస్సు వైపు తిరిగితే కొండల అంచున నూరడుగులు దాటే తెల్లటి చార కనపడుతుంది, ఒకప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉండేవో చెబుతూ. 2021లో తొలిసారిగా కొలరాడో నది దిగువ ప్రాంతానికి అధికారికంగా నీటి కొరత ప్రకటించారు. 1938లో మునిగిపోయిన సెయింట్ థామస్ అనే ఊరి గోడలు మళ్లీ బయటపడ్డాయి. మన నాగార్జునకొండకి ఆ యోగం లేదు.

కొలరాడో నీళ్లలో రాష్ట్రాల వాటాలన్నీ ఎకరా అడుగుల్లో ఉంటాయి. ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీళ్లు ఒక ఎకరా అడుగు. మావయ్యగారు పార్కింగ్ రసీదు వెనక్కి తిప్పి, జేబులోని పెన్ను తీసి, టీఎంసీల్లోకి మార్చడం మొదలుపెట్టారు. సుమారు 23 వేల ఎకరా అడుగులైతే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కాలిఫోర్నియాకి 44 లక్షల ఎకరా అడుగులు, అంటే 192 టీఎంసీలు. అరిజోనాకి 28 లక్షలు, 122. నెవాడాకి 3 లక్షలు. భాగించి, మళ్లీ భాగించి చూసుకున్నారు. 13.

"పదమూడా? మన కుడి కాలువ కేటాయింపే 132 కదమ్మా!"

సాగర్ కుడి కాలువలో పదో వంతు. ఆ రాత్రి మేం దీపాలు చూడబోయే ఊరు, దాని చుట్టూ ఉన్న 20 లక్షల పైచిలుకు జనం బతికేది ప్రధానంగా దాని మీదే. 1928 చట్టంలో ఈ వాటాలు రాసినప్పుడు నెవాడా తరఫున గట్టిగా అడిగేవాళ్లు లేరు, అడగాల్సిన అవసరమూ కనపడలేదు. 1930 నాటికి లాస్ వేగాస్ జనాభా 5 వేలు. కరెంటు సంగతీ అంతే. వేగాస్ దీపాల కోసమే ఈ డ్యామ్ కట్టారనుకుంటారు చాలామంది. ఇక్కడి కరెంటులో సగానికి పైగా పోయేది కాలిఫోర్నియాకి.

పక్కనే బౌల్డర్ సిటీలో భోజనం చేశాం. డ్యామ్ కూలీల కోసం ప్రభుత్వం కట్టిన ఊరు. 1931లో, డ్యామ్ పని మొదలైన ఏడాదే, నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసింది. ఈ ఊళ్లో మాత్రం వద్దన్నారు. ఇప్పటికీ వద్దు. జీతాల రోజున కూలీలు పోలోమని ముప్పై మైళ్ల అవతల వేగాస్‌కి పోయేవాళ్లు. కసీనోలకు మొదటి నిలకడైన గిరాకీ అలా దొరికిందని నా అనుమానం.

వేగాస్ గురించి అత్తయ్యగారు రాయాల్సింది. నాకు సిగరెట్ వాసన, తెరలు తెరలుగా మోత, గడియారం లేని హాళ్లు, ఎటు నడిచినా మళ్లీ మెషీన్ల మధ్యకే చేర్చే తివాచీలు. ఆవిడకి పండగ. ఇరవై డాలర్ల నోటు ఇచ్చి ‘పెన్నీ’ మెషీన్ ముందు కూర్చోబెట్టాం. పెన్నీ, అంటే ఒక సెంటు, అన్నది పేరుకే, ఒక్కసారి నొక్కితే యాభై సెంట్లు పోతాయి. ఇప్పుడు నాణేలు రాలవు. ఆట చాలిస్తే చిన్న కాగితం బయటికొస్తుంది, దాన్ని ఇంకో మెషీన్లో పెడితే డబ్బులిస్తుంది. ఆవిడ పదకొండు డాలర్లు మిగలగానే లేచారు. "తొమ్మిది డాలర్లకి గంటసేపు కూర్చోనిచ్చారు, సినిమా కంటే నయమే" అన్నారు. మావాడి కోసం సెక్యూరిటీ అతను రెండుసార్లు వచ్చి నిలబడొద్దన్నాడు. 21 ఏళ్లు నిండనివాళ్లు నడిచి వెళ్లొచ్చు, ఆగకూడదు. వాడికి మాత్రం బయట కళ్లార్పుతున్న ‘స్ఫియర్’, ఒళ్లంతా దీపాల తెరగా ఉన్న పెద్ద గోళం, చాలు.

బెలాజియో ఫౌంటెన్ల దగ్గర మావయ్యగారి మొహం మాడింది. ఎడారిలో ఇన్ని నీళ్లు గాల్లోకా! అవి నదివి కావని, ఆ స్థలంలో ఒకప్పుడున్న గోల్ఫ్ కోర్సుకి నీళ్లిచ్చిన బోరువని చెప్పాను. పూర్తిగా నమ్మలేదు. అసలు విషయం చెప్పాక చల్లబడ్డారు. ఈ ఊళ్లో ఇంటి లోపల, హోటల్ లోపల వాడిన నీళ్లు దాదాపు మొత్తం శుద్ధి అయి మళ్లీ మీడ్ సరస్సుకే చేరతాయి. ఎంత తిరిగి పంపితే అంత మళ్లీ తోడుకోవచ్చు. 13 టీఎంసీలతో నెట్టుకొస్తున్నది అందుకే. ఎండకు ఆవిరయ్యేది పచ్చిక మీద చల్లిన నీళ్లు. అందుకే 2021లో రోడ్ల పక్కన, ఆఫీసుల ముందు అలంకారానికి పెంచే గడ్డిని తీసేయాలని చట్టమే చేశారు.

"జూదగాళ్ల ఊరే గాని లెక్క తెలిసినోళ్లు" అన్నారు. మన చివరి ఆయకట్టు గురించి ఏదో మొదలుపెట్టబోయి, ఫౌంటెన్ మళ్లీ లేవడంతో ఆపేశారు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఒక మాట. డ్యామ్ పొద్దున్నే చూడండి, మధ్యాహ్నానికి పార్కింగ్ దొరకదు. లోపలి టూరుకి లిఫ్టులున్నాయి గానీ నడక ఉంటుంది. వేగాస్‌లో గది అద్దె చూసి సంబరపడకండి. రిసార్ట్ ఫీజు, పార్కింగ్ కలిపాక మాకు అద్దె కంటే పైవే ఎక్కువయ్యాయి. సమ్మర్లిన్ వైపు గుడి ఉంది. మర్నాడు దర్శనం చేసుకుని బయల్దేరేసరికి పదకొండైంది, నెవాడా టైములో.