ముప్ఫై ఒకటో రోజు

మే 15

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై ఇవాళ్టికి 31 రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మొత్తం 61. ఇటు ముప్ఫై, అటు ముప్ఫై, నడిమధ్య ఇవాళ. నేను రాస్తున్న పెద్దకథ ఈ 61 రోజుల్లోనే నడుస్తుంది. బడికి సెలవులు కూడాను. అందుకే తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను.

బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. గట్టు మీద ఒక తాత వల పరుచుకుని కూర్చున్నాడు. చిరుగు అరచెయ్యంత ఉంది. అల్లుతాడనుకుంటే కత్తి తీసి చుట్టూ కొయ్యడం మొదలుపెట్టాడు. చూస్తుండగానే జానెడయింది.

"అదేంటి తాతా, బాగున్న వలకన్నులు కూడా కోసేస్తున్నావు?"

"సినిగిన పోగు మీద ముడేత్తే నిలబడదమ్మా. మూడు పోగులున్న ముడి దొరికే దాకా కొయ్యాల. అక్కడ మొదలెట్టి, మల్లీ అలాటి ముడి కాడే ఆపాల."

నీలం దారం చుట్టిన ప్లాస్టిక్ సూది. కొలత చూడటానికి ఎడమచేతి వేళ్ళే. కన్ను తర్వాత కన్ను అల్లుకుంటూ పోతే, చివరి ముడి దగ్గర పాత వలేదో కొత్త వలేదో నాకు తెలియలేదు. అరగంట అక్కడే కూర్చున్నాను.

ఇంటికొచ్చి కార్డులు పరిచాను. పాత శుభలేఖలు కత్తిరించి, ఖాళీ వైపు ఒక్కో సన్నివేశం రాసుకుంటాను. ఎగిరిపోకుండా ఫ్యాన్ ఆపేశాను. మే నెల ఉక్కకి చెమట కార్డుల మీదే పడుతోంది.

కథ ఇదీ. నాన్న పోయాక నూకరత్నానికి మిగిలింది ఒక బోటు, దాని పాడైన ఇంజను. జూన్ 15న అందరి బోట్లతో పాటు తనదీ సముద్రంలోకి వెళ్ళాలి. ఇంజను కోసం దాచిన డబ్బు తమ్ముడు ఎల్లాజీ తీసేశాడు.

ఇన్నాళ్ళూ స్క్రీన్‌ప్లే పాఠాలు చెప్పిన అమెరికన్ సిడ్ ఫీల్డ్ 1979లో రాసిన మూడంకాల లెక్క పట్టుకున్నాను. 120 పేజీల స్క్రీన్‌ప్లేలో మొదలుకి 30, నడుముకి 60, చివరికి 30. నా 61 రోజులకి అది అతికినట్టు సరిపోయింది: పదిహేను, ముప్ఫై ఒకటి, పదిహేను. ఆ సంబరంలో రెండు నెలలు గడిచాయి. కానీ మధ్య ముప్ఫై ఒక్క రోజుల్లో ఏం జరగాలో ఆ లెక్క చెప్పలేదు. గాలివాన పెట్టాను, ఒక పెళ్ళి పెట్టాను, ఒక గొడవ పెట్టాను. అన్నీ 'ఆ తర్వాత'లే, ఒక్కచోటా 'అందువల్ల' లేదు. అంతకుముందు జర్మన్ రచయిత ఫ్రైటాగ్ పిరమిడ్‌తోనూ ఇదే ఇబ్బంది: కథ శిఖరం దాకా ఎక్కి, దిగుతుందనే లెక్క అది. ఆయన 1863లో అయిదంకాల నాటకాలు ఎలా కట్టి ఉన్నాయో విప్పి చూపించాడు. దాన్ని నా కథ మీద మూతలా బోర్లించడం నా తప్పే.

అత్తయ్యగారు కాఫీ తెచ్చి, అక్కడే కుర్చీ వేసుకుని కథంతా చెప్పించుకున్నారు. విని ఒక్కటే అడిగారు.

"డబ్బు తీసింది తమ్ముడేనని ఆ పిల్లకి ఎప్పుడు తెలిసిందమ్మా?"

"నాలుగో రోజున, అత్తయ్యా."

"మరి మిగతా రోజులన్నీ ఏం చేస్తుంది, ఏడవడం తప్ప?"

కాఫీ చల్లారిపోయింది. ఎం.ఏ.లో పరీక్ష కోసం బట్టీ పట్టిన పంచ సంధులు, అంటే నాటక కథలోని అయిదు భాగాలు, అప్పుడు గుర్తొచ్చాయి: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. నడుమనున్న గర్భ సంధికి నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన లక్షణం ప్రాప్తి, అప్రాప్తి, మళ్ళీ అన్వేషణ. బీజం, అంటే కథ మొలకెత్తిన విత్తు, చేతికి చిక్కాలి, జారిపోవాలి, దాన్ని తిరిగి వెతకాలి. అప్పట్లో పదిమార్కులకు రాసేసి వదిలేశాను. ఇవాళ ఒళ్ళు జలదరించింది. కథ నడుముని శిఖరంలా ఊహించుకుని ఎక్కడమే పనిగా పెట్టుకున్నాను. అక్కడ జరగాల్సింది దొరకడం, పోవడం.

నా బీజం ఇంజను. పదహారో రోజున మెకానిక్ పని ఒప్పుకుంటాడు. అడ్వాన్స్ ఇద్దామని పెట్టె తెరిస్తే డబ్బు లేదు. అప్పో సప్పో చేసి తెస్తానని తమ్ముడు వెళ్ళి నిజంగానే కొంత తెస్తాడు. ఇంజను విప్పుతారు. ముప్ఫై ఒకటో రోజున, రెండో విడత ఇస్తున్నప్పుడు, నోట్ల కట్టకు చుట్టి ఉన్న నీలం వలదారం నూకరత్నం కంట పడుతుంది. ఆ ముడి తను వేసిందే. నాన్న నేర్పిన ముడి. చేతిలో డబ్బుంది, ఎదురుగా ఇంజను విప్పి ఉంది, తమ్ముడు లేడు.

ఇది రాసేటప్పుడు చెయ్యి వణికింది.

ఆ తర్వాత పని కొయ్యడమే. పెళ్ళి కార్డు తీసేశాను. గాలివానా తీసేశాను. సింహాచలం చందనోత్సవం కార్డు మాత్రం చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. ఏడాదికొక్కసారి దొరికే అప్పన్న నిజరూప దర్శనం, తెల్లవారుజాము నుంచి క్యూలో అక్కాతమ్ముళ్ళు, చంకలో చంటిబిడ్డలతో జనం. నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చిన పేజీలవి. కానీ అక్కడ వాళ్ళకి దొరికింది ఏమీ లేదు, పోయిందీ లేదు. దాన్ని ఆనుకుని ఉన్న సన్నివేశాలు రెండూ బలహీనమే. మూడూ కలిపి పక్కన పెట్టాను. నేల మీద పెద్ద ఖాళీ కనిపించింది.

సాయంత్రం బీచ్‌కి వెళ్దామని పిల్లలు పేచీ పెడితే వెళ్ళాం. మురీ మిక్చర్ తింటున్నారే గానీ నాకు అటు హార్బర్ వైపే ధ్యాస.

ఇరవయ్యో రోజు నుంచి ముప్ఫయ్యో రోజు దాకా కార్డుల్లేవు. మెకానిక్ నమ్మకంగా మాటిచ్చేటప్పుడు ఏమంటాడు? డబ్బు అందకపోతే పని మధ్యలో వదిలేసేవాడు ఏ మాటతో తప్పుకుంటాడు? ఇవి నేను కూర్చుని అల్లేవి కావు, చెవిన పడాలి. రేపు మళ్ళీ వెళ్ళి, ఇంజన్లు విప్పే షెడ్ల దగ్గర కూర్చోవాలి.