యాప్‌సీడీఎస్ ఆర్కైవ్: ఏ క్లాసును ఏ లోడర్ తెస్తోందో ముందు చూసుకోండి (నా అనుభవం)

జావా ప్రోగ్రాం వాడే క్లాసుల్ని ముందే చదివి సిద్ధం చేసి ఒక ఆర్కైవ్ ఫైల్లో దాచుకుని, తర్వాతి రన్‌లలో వాడుకోవడమే యాప్‌సీడీఎస్. క్లాసుల్ని వెతికి జేవీఎంకి (జావా కోడు నడిపే ఇంజన్‌కి) తెచ్చిచ్చేది లోడర్. స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) సర్వీసు త్వరగా స్టార్ట్ అవ్వాలని జేడీకే 21 (జావా కిట్) మీద డైనమిక్ ఆర్కైవ్, అంటే ప్రోగ్రాం ఒకసారి నడిచాక తయారయ్యేది, పెట్టాను. ఆర్కైవ్‌క్లాసెస్‌ఎట్‌ఎగ్జిట్ ఫ్లాగ్‌తో ఒకసారి నడిపితే, ప్రాసెస్ ఆగేటప్పుడు జేఎస్ఏ ఫైలు (అదే ఆర్కైవ్) తయారవుతుంది. కిల్ -9 కొట్టి బలవంతంగా ఆపితే మాత్రం ఏమీ రాయదు. తర్వాతి రన్‌లో షేర్డ్‌ఆర్కైవ్‌ఫైల్ ఫ్లాగ్‌కి ఆ ఫైలు ఇస్తాం. కష్టమంతా లోడర్ల దగ్గరే.

బూట్, ప్లాట్‌ఫామ్, యాప్ అనే మూడు బిల్ట్-ఇన్ లోడర్లు ఏ వరసలో వెతుకుతాయో జేవీఎంకి ముందే తెలుసు. అందుకే యాప్ లోడర్‌ని ఒక క్లాసు అడిగితే, జార్ (క్లాసుల్ని కట్టగట్టిన ఫైలు) తెరవకముందే ఆర్కైవ్‌లో చూసి ఇచ్చేయగలదు. మనం రాసుకున్న లోడర్ సంగతి వేరు. దాని లోడ్‌క్లాస్ మెథడ్‌లో ఏ కోడైనా ఉండొచ్చు, అదే పేరుతో ఇంకో క్లాసు ఇవ్వొచ్చు. కాబట్టి ఆ లోడర్ బైట్లు చదివి డిఫైన్‌క్లాస్‌కి ఇచ్చేదాకా జేవీఎం ఆగుతుంది. పేరు, సైజు, సీఆర్‌సీ (బైట్ల నుంచి లెక్కించే చెక్ నంబరు) మూడూ కలిస్తేనే ఆర్కైవ్‌లోది వాడుతుంది. ఆ బైట్లను పార్స్ చేసే (విడదీసి అర్థం చేసుకునే) పని ఉండదు గానీ డిస్కు చదవడం తప్పదు.

స్ప్రింగ్ బూట్ ఫ్యాట్ జార్‌లో (లైబ్రరీల జార్లన్నీ లోపలే ఉన్న ఒకే జార్‌లో) సరిగ్గా ఇదే చిక్కు. లోపలి జార్లను తెచ్చేది యాప్ లోడర్ కాదు, స్ప్రింగ్ బూట్ సొంత లోడర్. స్ప్రింగ్ బూట్ 3.3 నుంచి జార్‌మోడ్ ప్రాపర్టీకి టూల్స్ అని ఇచ్చి ఎక్స్‌ట్రాక్ట్ నడిపితే, చిన్న జార్ ఒకటీ, పక్కన లిబ్ ఫోల్డరూ వస్తాయి. లైబ్రరీల పేర్లు ఆ చిన్న జార్ మ్యానిఫెస్ట్‌లోని (జార్ వివరాల ఫైల్లోని) క్లాస్-పాత్‌లో, అంటే క్లాసుల కోసం వెతికే జార్ల జాబితాలో ఉంటాయి కనుక అన్నీ యాప్ లోడర్ చేతికే వస్తాయి. ట్రైనింగ్ రన్‌లో (ఆర్కైవ్ తయారు చేసే రన్‌లో) స్ప్రింగ్.కాంటెక్స్ట్.ఎగ్జిట్ ప్రాపర్టీకి ఆన్‌రిఫ్రెష్ అని ఇస్తే, కాంటెక్స్ట్ (యాప్ భాగాల సెటప్) లేవగానే దానంతటదే ఆగిపోతుంది.

తర్వాత క్లాస్‌పాత్. ఆర్కైవ్ చేసినప్పటి జార్లు అదే వరసలో మొదట ఉండాలి, కొత్తవి చివర్లో చేర్చుకోవచ్చు. ముందు చేరిస్తే అదే పేరున్న క్లాసు అందులోంచి రావచ్చు కాబట్టి జేవీఎం ఒప్పుకోదు. స్టార్ గుర్తు వాడొద్దు, దాని వరసకు గ్యారంటీ లేదు. క్లాసులున్న ఫోల్డర్‌ని క్లాస్‌పాత్‌లో పెడితే డంపే (ఆర్కైవ్ రాయడమే) అవ్వదు, జార్‌లే ఉండాలి. జార్ సైజు, మార్చిన టైము కూడా సరిచూస్తుంది. అందుకే జార్ మళ్లీ బిల్డ్ చేశాక పాత ఆర్కైవ్ పనికిరాదు. డాకర్ ఇమేజ్ అయితే ఆర్కైవ్‌ని ఇమేజ్ లోపలే, అదే జేడీకే బిల్డ్‌తో తయారు చేయడమే మేలు.

నన్ను ఎక్కువ సతాయించేది ఎక్స్‌షేర్ (ఆర్కైవ్ వాడాలా వద్దా అని చెప్పే ఫ్లాగ్) డిఫాల్ట్ ఆటో కావడం. ఆర్కైవ్ నచ్చకపోయినా సర్వీసు మామూలుగానే లేస్తుంది, నెమ్మదిగా. అందుకే క్లాస్+లోడ్ లాగ్ తప్పక చూస్తాను. సోర్స్ దగ్గర 'షేర్డ్ ఆబ్జెక్ట్స్ ఫైల్' అని, పక్కన బ్రాకెట్లో 'టాప్' అని ఉంటే మన ఆర్కైవ్ నుంచే వచ్చింది. 'టాప్' లేకపోతే అది జేడీకేతో వచ్చే బేస్ ఆర్కైవ్‌ది. జార్ దారి కనిపిస్తే ఆర్కైవ్ తగల్లేదు. డంప్ వేళ సీడీఎస్ లాగ్‌లో 'స్కిప్పింగ్' లైన్లు కారణంతో సహా చెబుతాయి. సైన్ చేసిన జార్లలోని క్లాసులు ఎప్పుడూ అక్కడే తేలతాయి.

జేడీకే 24లో వచ్చిన ఏఓటీ క్యాష్‌లో (క్లాసుల్ని ముందే సిద్ధం చేసి దాచే, ఆర్కైవ్‌లాంటి ఫైల్లో) అయితే బిల్ట్-ఇన్ లోడర్ల క్లాసులకే చోటు. జేడీకే 25లో ఏఓటీక్యాష్‌అవుట్‌పుట్ అనే ఒక్క ఫ్లాగ్‌తో రికార్డు చేయడం, క్యాష్ తయారు చేయడం రెండూ అయిపోతాయి. లోడర్ సర్దుబాటు మాత్రం మన పనే.